నలభై తర్వాత నలభై రెండు

మా చిన్నాయనను కట్లపాము కరిచింది 1986లో, శెనక్కాయ చెట్లు పీకి కుప్పలు వేసిన కాలంలో. ఆ కుప్పలకు కాపలాగా చేన్లోనే గోనెపట్ట పరుచుకుని పడుకున్నాడు. కోడి కూయకముందే కడుపునొప్పి అంటూ ఇంటికి వచ్చినాడు. ఒంటి మీద కాటు ఎక్కడా కనపడలేదు. కట్లపాము కాటు అట్లాగే ఉంటుంది. వాపు రాదు, మంట పుట్టదు, నిద్రలో ఉన్న మనిషికి కరిచిన సంగతే తెలియదు. మా అవ్వ వాము నమలమని ఇచ్చింది. పొద్దు పొడిచేసరికి కనురెప్పలు వాలినాయి. మాట ముద్ద ముద్దగా వచ్చింది. తర్వాత ఎంగిలి మింగడం కూడా చేతకాలేదు.

అనంతపురం జిల్లాలో మా గోరంట్ల బస్టాండు దగ్గర ఆ పొద్దు మాకు దొరికింది ఒక శెనక్కాయల లారీ. గోతాల మీద పడుకోబెట్టి పట్నం ఆస్పత్రికి చేర్చేసరికి ఊపిరి గొంతు దగ్గరే ఆడుతూంది. డాక్టరు గబగబా గొంతులోకి గొట్టం దింపినాడు, విరుగుడు సూదులు వేసినాడు. ఊపిరి మిషను ఆ ఆస్పత్రిలో లేదు. నల్లటి రబ్బరు సంచి ఒకటి గొట్టానికి తగిలించి, రెండు మార్లు నొక్కి చూపించి, మా నాయన చేతిలో పెట్టినాడు. "ఇట్లనే నొక్కుతా ఉండండప్పా. ఆపినారంటే మనిషి పోతాడు" అన్నాడు.

రెండు రాత్రులు, మూడు పగళ్లు నొక్కినాము. నాయన, మేనమామ, అమ్మ, మొదటి రాత్రి కొంతసేపు ఆ లారీ డ్రైవరు కూడా. నాకు పదమూడేళ్లు. నా వంతు వచ్చినప్పుడు నిద్ర రాకుండా పైకి లెక్క పెడుతూ నొక్కేదాన్ని. నూరు దాకా పోయి మళ్లీ ఒకటి నుంచి. మూడో రోజు సాయంత్రం చిన్నాయన బొటనవేలు కదిలింది. పదిహేను దినాలకు ఇంటికి వచ్చినాక, పెరట్లో మంచం మీద కూర్చుని నన్ను పిలిచి అడిగినాడు: "ఏం పాపా, మీ బడిలో నలభై తర్వాత నలభై రెండు అని చెప్తారా? ప్రతిసారీ నలభై ఒకటి ఎగరగొడ్తాంటివే."

రెప్ప ఎత్తలేని మనిషి, వేలు కదపలేని మనిషి, ఆ మూడు దినాలూ అన్నీ విన్నాడు. పక్క మంచం దగ్గర ఎవరో "ఈయప్ప బతకడులే" అన్నది కూడా విన్నాడు.

నర్సింగులో చేరినాక దీని మర్మం తెలిసింది. కట్లపాము విషం నరాల కొసలను దెబ్బ తీస్తుంది. మెదడు పంపే కబురు కండరానికి అందదు. అంతే కానీ మెదడుకూ చెవులకూ ఏమీ కాదు. విరుగుడు సూది ఒంట్లో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది, అప్పటికే దెబ్బతిన్న నరం కొసను బాగు చేయలేదు. అది మళ్లీ చిగురించాలంటే రోజులు పడుతుంది. అన్ని రోజులూ ఊపిరి ఎవరో ఒకరు ఆడించాలి. మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోతున్నారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్క కట్టింది. ఆ చనిపోయిన వాళ్లలో నొక్కే చేతులు దొరకనివాళ్లు ఎందరో అని ఆ అంకె చూసినప్పుడల్లా అనుకుంటాను.

ఐసీయూ పుట్టింది కూడా ఇట్లాంటి చేతుల్లోంచే. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌ను పోలియో ముంచెత్తింది. బ్లెగ్‌డామ్ ఆస్పత్రిలో ఊపిరి కండరాలు పడిపోయిన మొదటి 31 మందిలో 27 మంది చనిపోయినారు. ఆస్పత్రి పెద్ద డాక్టరు లాసెన్, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరును పిలిపించినాడు. ఆగస్టు 27న ఇబ్సెన్ పన్నెండేళ్ల పాప గొంతుకు కింద రంధ్రం చేయించి, అందులో గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కి ఊపిరి ఆడించినాడు. ఆపరేషను గదిలో మత్తు డాక్టర్లు రోజూ చేసే పనే అది. వార్డులోకి ఎవరూ తేలేదు, అంతే. ఆ పాప బతికింది. ఆ తర్వాత మిషన్లు చాలక, సంచులు నొక్కడానికి వైద్య విద్యార్థులను పిలిచినారు. దాదాపు 1,500 మంది వంతులు వేసుకుని 1,65,000 గంటలు నొక్కినారు. మరణాలు నూటికి ఎనభై ఏడు నుంచి పాతిక దరిదాపులకు దిగినాయి. నొక్కుతూ నొక్కుతూ పిల్లలకు కథలు చదివి వినిపించినారంట ఆ విద్యార్థులు. ఇది చదివిన రోజు ఆ 1,500 మందిలో మా నాయనను, అమ్మను, ఆ లారీ డ్రైవరును కలుపుకున్నాను.

మా చిన్నాయనకు నొక్కిన సంచి కూడా డెన్మార్కులో పుట్టిందే. హెన్నింగ్ రూబెన్ అనే మత్తు డాక్టరు, హోల్గర్ హెస్సె అనే ఇంజనీరు కలిసి 1956లో తెచ్చినారు. నొక్కి వదిలితే తనంతట తానే గాలి పీల్చుకుని ఉబ్బుతుంది. సిలిండరు లేని చోట కూడా పని చేస్తుంది. అంబూ బ్యాగు అంటాము. లారీలోంచి దించిన మనిషిని నిలబెట్టడానికి ఇంతకు మించిన వస్తువు ఇప్పటికీ రాలేదు.

1953 డిసెంబరులో ఇబ్సెన్ కోపెన్‌హాగన్‌లోనే ఇంకో ఆస్పత్రిలో ప్రాణాపాయంలో ఉన్న రోగులందరికీ కలిపి ఒక గది పెట్టినాడు, రాత్రీ పగలూ నర్సు ఉండేటట్టు. దాన్నే మొదటి ఐసీయూ అంటారు. ఆ తర్వాత ఊపిరి మిషన్లు బాగుపడినాయి. చేతులకు బదులు మిషను నొక్కింది. అది మంచిదే. మనిషి చెయ్యి అలసిపోతుంది, నిద్ర ముంచుకొస్తే నలభై ఒకటి మరిచిపోతుంది. కానీ చేతులతో పాటు ఆ చేతులు గల మనుషులను కూడా గది బయటికి పంపినాము. తలుపు పెట్టినాము. సాయంత్రం ఒక్కొక్కరు లోపలికి వచ్చి, కాళ్ల దగ్గర నిలబడి చూసిపోవాలన్నాము. ఐసీయూలో రోగి బాగోగులు ఎట్లా మెరుగుపడినాయని నన్ను అడిగితే ఈ తలుపు కథే చెప్తాను. ఇరవై రెండేళ్లు దానికి లోపలి పక్క నిలబడినాను కాబట్టి.

మా వైపుకు ఐసీయూ అనే మాట ఆలస్యంగా వచ్చింది. అంతకుముందు పెద్ద జబ్బు అంటే వేలూరు, లేకపోతే బెంగళూరు. పొలం అమ్మినవాళ్లు పోయినారు, అమ్మడానికి పొలం లేనివాళ్లు ఇంట్లోనే ఉండిపోయినారు. చిత్రావతి మా ఊరు దాటి కిందికి పోతే పుట్టపర్తి. అక్కడ 1991 నవంబరు 22న ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిని ప్రారంభించినారు. పైసా తీసుకోకుండా గుండె ఆపరేషన్లు. "గుండె కోసి కుట్టినాక మనిషిని అద్దాల గదిలో పెడతారంట" అని గోరంట్ల అంగళ్ల దగ్గర చెప్పుకునేవాళ్లు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు మొదలైంది, కొన్నేళ్లకు మా పల్లెల దాకా వచ్చింది. శెనక్కాయల లారీ కోసం బస్టాండులో చేతులెత్తి నిలబడే పని తప్పింది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకాన్ని మొదట మూడే జిల్లాల్లో పెట్టినారు: మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, మా అనంతపురం. తెల్ల కార్డు ఉన్న రైతుకు లక్షల వైద్యం అందింది. నేను నేరుగా చూసినాను, ఆ పథకం లేకుంటే బతకని మనుషులను. దాని విలువ తగ్గించే మాట నా నోట రాదు.

అయితే ఆస్పత్రి అందేకొద్దీ ఇల్లు దూరమైంది. మా చిన్నాయన పక్కన మేము నలుగురం ఉన్నాము. ఇరవై ఏళ్ల తర్వాత మా ఊరి మనిషి ఐసీయూలో పడితే, పక్కన మిషను ఉంది, మేము పాలసముద్రం దగ్గర హైవే ఎక్కి, కొడికొండ చెక్‌పోస్టు దాటి, ఎక్కడో బెంగళూరు మెట్ల కింద దుప్పటి పరుచుకుని పడుకున్నాము.

బెంగళూరుకు పోకముందు నేను చిన్న ఆస్పత్రిలో చేసినాను. పురుగుల మందు తాగి వచ్చేవాళ్లే సగం మంది. వానలు ఎగ్గొట్టి, శెనక్కాయ పంట ఎండిపోయిన ఏడాది వార్డు నిండిపోయేది. ఆ జబ్బులో ఒక మోసం ఉంది. అట్రోపిన్ సూదులతో మొదటి గండం గడుస్తుంది. మనిషి కళ్లు తెరిచి నీళ్లు అడుగుతాడు, ఇంటివాళ్లు దేవుడికి మొక్కుకుంటారు. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్యలో ఉన్నట్టుండి ఊపిరి కండరాలు పడిపోతాయి. దీన్ని 1987లో శ్రీలంక డాక్టర్లు సేనానాయకే, కరలియడ్డ మొదట వివరంగా రాసినారు. వాళ్లు చెప్పిన గుర్తుల్లో మెడ బలం తగ్గడం ఒకటి. ఊపిరి పోయే ముందు మెడ పోతుంది. దిండు మీద నుంచి తల ఎత్తమంటే ఎత్తలేడు.

ఇది చూడటానికి మిషను అక్కర్లేదు. వార్డులో నలభై మందికి నేను ఒక్కదాన్నే అయిన రాత్రుల్లో, ప్రతి మంచం దగ్గర భార్యకో తల్లికో నేర్పినాను. గంటకొకసారి "తల ఎత్తు" అనండి, ఎత్తలేకపోతే పరుగున వచ్చి నన్ను పిలవండి అని. కదిరి వైపు నుంచి వచ్చిన ఒక ఆయమ్మ రాత్రి రెండు గంటలకు వచ్చి నా భుజం పట్టుకుంది. "పొద్దున ఎత్తినాడు సిస్టరమ్మా, ఇప్పుడు గదుమ మాత్రమే ఆడిస్తాండాడు." అప్పటికి ఊపిరి బాగానే ఉంది. ఇరవై నిమిషాల తర్వాత లేదు. ఆ ఇరవై నిమిషాల్లో డాక్టరు వచ్చినాడు, గొట్టం పడింది. చదువు రాని ఆయమ్మ చూసింది, మా మానిటర్ చూడలేదు.

బెంగళూరు ఐసీయూలో ఆయమ్మ లాంటి వాళ్లు తలుపు బయట ఉన్నారు. లోపల మేము ఉన్నాము. ఒక తప్పు ఒప్పుకోవాలి. అక్కడ నేను చేతులు కట్టినాను. మిషను మీద ఉన్న రోగి గొట్టం పీకేస్తాడని భయం. నిద్ర మందు ఎక్కించి, మణికట్టుకు గుడ్డ చుట్టి, మంచం కడ్డీకి కట్టేవాళ్లం. మా వైపు ముసలాయన ఒకాయన, గొర్రెలు కాసుకునే మనిషి, నాలుగు రోజులు అట్లా ఉన్నాడు. అద్దాలు తీసి డబ్బాలో పెట్టినాము. పగలూ రాత్రీ ఒకటే లైటు. మా వాళ్లకు కన్నడం కొంత వచ్చు, కానీ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లలో చాలామందిది మలయాళం. గొట్టం తీసినాక ఆయన గొర్రెల మందను కేకేయడం మొదలుపెట్టినాడు. గోడ మీద తోడేలు ఉందన్నాడు. "ఐసీయూలో ముసలివాళ్లు ఇట్లాగే అంటారు" అని కేసు షీటులో ఒక ముక్క రాసి వదిలేసినాము. ఇంటికి పోయినాడు కానీ మునుపటి మనిషి కాలేదని ఆయన కోడలు తర్వాత గోరంట్ల సంతలో కనపడి చెప్పింది.

ఆ గోడ మీద తోడేలుకు పేరు ఉంది. డెలీరియం. అమెరికాలో నాష్‌విల్ నగరంలో వెస్ ఈలీ అనే డాక్టరు బృందం 2001లో దాన్ని కనిపెట్టే చిన్న పరీక్ష తెచ్చింది. మిషను మీద ఉన్నవాళ్లలో నూటికి దాదాపు ఎనభై మందికి ఇది వస్తుందని, వచ్చినవాళ్లు ఆరు నెలల్లో చనిపోయే అవకాశం మిగతావాళ్ల కంటే మూడింతలని 2004లో వాళ్లే చూపించినారు. దానికి ముందే, 2000లో చికాగోలో జాన్ క్రెస్ బృందం ఇంకో పని చేసి చూపించింది. రోజుకు ఒకసారి నిద్ర మందు ఆపి రోగిని మేల్కొలిపితే, మిషను మీద ఉండే రోజులు తగ్గినాయి. మేము మేలు అనుకుని ఎక్కించిన నిద్రే మనిషిని మిషనుకు కట్టి ఉంచిందని అది చదివిన రోజు అర్థమైంది. మా ఆస్పత్రికి ఈ పద్ధతి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. వచ్చిన మొదటి వారం నేను భయపడినాను. పొద్దున ఎనిమిదికి మందు ఆపుతాము, రోగి కళ్లు తెరుస్తాడు, గొట్టం చూసి బెదురుతాడు. అప్పుడు కట్టడానికి గుడ్డ వెతక్కుండా చెయ్యి పట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నాను.

ఈలీ పరీక్షలో ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషు అక్షరాలు పది చదువుతారు, 'ఎ' విన్నప్పుడల్లా రోగి మన చెయ్యి నొక్కాలి. ఇంగ్లీషే రాని మా గొర్రెల కాపరికి ఎ, వి, హెచ్ అంటే ఏం తెలుస్తుంది? తెలియక నొక్కకపోతే మతి తప్పిందని రాసేస్తాము. నేను పంటల పేర్లు పెట్టినాను. జొన్న, రాగి, కొర్ర, రాగి, ఉలవ, కంది, రాగి, సజ్జ, అలసంద, రాగి. 'రాగి' అన్నప్పుడు నొక్కమనేదాన్ని. డాక్టరమ్మ ఒకామె అది విని, నా పక్కన కూర్చుని తమిళం వాళ్లకు, కన్నడం వాళ్లకు కూడా అట్లాంటి మాటలు రాసిపెట్టింది. ఒక రైతు 'రాగి' దగ్గరే కాదు, 'కొర్ర' దగ్గర కూడా నొక్కినాడు. మతి తప్పిందేమో అనుకున్నాను. గొట్టం తీసినాక అడిగితే, ఆ ఏడు కొర్రే వేసినానమ్మా అన్నాడు.

తలుపు ఎందుకు మూసి ఉంచుతారు అంటే, బయటివాళ్లు సూక్ష్మక్రిములు తెస్తారని చెప్తారు. నేనూ ఏళ్ల తరబడి అదే చెప్పినాను. 2006లో అచ్చయిన అమెరికా మిషిగన్ రాష్ట్రం ఐసీయూల అధ్యయనం నా కళ్లు తెరిపించింది. పీటర్ ప్రోనోవోస్ట్ అనే డాక్టరు అయిదు పనులు రాసినాడు. మెడ నరంలోకి సన్నటి గొట్టం వేసేముందు సబ్బుతో చేతులు కడుక్కో, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడువు, రోగి ఒళ్లంతా శుభ్రమైన గుడ్డ కప్పి నువ్వు గౌను తొడుక్కో, వీలైనంత వరకు తొడ నరం జోలికి పోవద్దు, అక్కర తీరిన గొట్టాన్ని తీసెయ్. ఇంతే. డాక్టరు ఏ ఒక్కటి మరిచినా నర్సు ఆపాలి. ఆ గొట్టం వల్ల రక్తంలోకి క్రిములు చేరే జబ్బులు నూటికి అరవై ఆరు వంతుల దాకా తగ్గినాయి. అంటే ఆ క్రిములు తిరుగుతున్నది ఎక్కువగా మా చేతుల మీదే. గోరంట్ల నుంచి వచ్చిన తల్లి చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చేది. ఆమెను తలుపు దగ్గర ఆపి, చేతులు కడగని మేము లోపల తిరిగినాము. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఇంటివాళ్లను లోపలికి రానిస్తే అంతా బాగైపోతుందని నేను నమ్మేదాన్ని. బ్రెజిల్‌లో 36 ఐసీయూల్లో రోజుకు పన్నెండు గంటల దాకా ఇంటి మనిషిని ఉండనిచ్చి చూసినారు. 2019లో ఫలితం వచ్చింది. డెలీరియం పెద్దగా తగ్గలేదు. క్రిముల జబ్బులు పెరగలేదు కూడా. తగ్గింది ఇంటివాళ్ల దిగులు, భయం. మొదట నిరుత్సాహపడినాను. తర్వాత మా అమ్మ గుర్తొచ్చింది. చిన్నాయన బతికినా బతకకపోయినా, ఆ మూడు దినాలు ఆమె చేతికి పని ఉంది. మెట్ల కింద కూర్చుని ఎదురుచూసిన వాళ్లకు అది కూడా ఉండదు. రోగి బాగోగులు అన్న మాటలో ఆమె కూడా ఉండాలనే నేను అనుకుంటాను.

మా ఐసీయూ తలుపు అప్పటికి కొంచెం తెరుచుకుంది. 2020లో కోవిడ్ వచ్చి అది కూడా మూసుకుపోయింది. మా జిల్లాలో బత్తలపల్లి ఆర్డీటీ ఆస్పత్రిని కోవిడ్ ఆస్పత్రిగా మార్చినారు. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన సంస్థ అది. నేను అప్పుడు బెంగళూరులో ఉన్నాను. పీపీఈ సూట్లలో మా ముఖాలు రోగులకు కనపడవు, వాళ్ల ముఖాలు ఇంటివాళ్లకు కనపడవు. సూటు మీద రొమ్ము దగ్గర పెన్నుతో పేరు రాసుకునేవాళ్లం. నాది తెలుగులో రాసుకున్నాను. వీడియో కాల్ పెట్టి ఫోను రోగి ముఖం ముందు పట్టుకోవడం మాకు మందు ఇవ్వడంతో సమానమైన పని అయింది. ఒక రాత్రి సోమందేపల్లి వైపు ఆయనకు ఫోను పట్టుకున్నాను. అప్పటికి మిషను మీద ఉన్నాడు, నిద్ర మందు నిండా ఉంది. అవతల భార్యకు ఏం మాట్లాడాలో తెలియలేదు. "మాట్లాడక్కా, వింటాడు" అన్నాను. ఆమె ఆ పొద్దు ఏం వండిందో చెప్పింది. సంగటి చేసినాను, ఊరిబిండి నూరినాను, ఎద్దుకు కుడితి పెట్టినాను, పెద్దోడు మోటరు బాగు చేయించినాడు. పదకొండు నిమిషాలు చెప్పింది. ఆయన బతకలేదు. ఆ మాటలు ఆయనకు చేరినాయనే నేను నమ్ముతాను. మా చిన్నాయన నాకు చెప్పింది అదే కదా.

రెండేళ్లయింది నేను ఉద్యోగం మాని గోరంట్ల వచ్చి. మాధవరాయ గుడి వీధిలో మా ఇల్లు. ఎవరినైనా పట్నం ఐసీయూకు తీసుకుపోతున్నారంటే, బండి ఎక్కే ముందు ఒకరు వచ్చి నన్ను అడుగుతారు. నోటుబుక్కు కాగితం చించి రాసిస్తాను. కళ్లద్దాలు మరిచిపోవద్దు. చెవి మిషను ఉంటే అది, దాని బ్యాటరీ. పళ్ల సెట్టు డబ్బా. మనిషిని ఇంట్లో ఏమని పిలుస్తారో ఆ పేరు పెద్ద అక్షరాలతో రాసి, మంచం తలాపున అంటించమని సిస్టరును అడగండి. ఏ భాష వచ్చో దాని కింద రాయండి. లోపలికి పోయినప్పుడు కాళ్ల దగ్గర నిలబడి ఏడ్చి రావద్దు. చేతులు కడుక్కుని తల దగ్గరికి పోండి, ఈ రోజు ఏ వారమో చెప్పండి, పొద్దున అయిందో సాయంత్రం అయిందో చెప్పండి. కళ్లు మూసుకుని ఉన్నా చెప్పండి.

పోయిన నెల వాళ్ల అవ్వను ఐసీయూకు తీసుకుపోయిన పిల్లోడు కాగితం చదివి, "అవ్వకు ఏం చెప్పాలో తోచకపోతే ఎట్లక్కా?" అని అడిగినాడు.

"లెక్క పెట్టు నాయనా" అన్నాను. "ఒకటి నుంచి పెట్టు."